గైడు కింద బొట్టు

మీనా ముందు రంపపు మిషను ప్లగ్గు పీకి పక్కన పెట్టింది. రంపానికి చెయ్యేదో చెక్కేదో తెలియదని ముకుందన్ రోజూ చెప్పేవాడు. పన్నెండేళ్లు అతని ఎదురుగా నిలబడి కోసిన పలకలు అందుకున్న మనిషి, ఆ మాట ఎలా మర్చిపోతుంది?

ముకుందన్ ఇప్పుడు లేడు. మూడు నెలల కిందట, ఆయుధ పూజ చేసిన రాత్రే గుండె నొప్పితో పోయాడు. లాస్‌పేటలో ఇంటి ముందు గదిలో ఉన్న షాపూ, ఆ రంపపు మిషనూ భార్య మీనాకు మిగిలాయి. మిగలడమైతే మిగిలాయి గానీ, ఆనాటి నుంచి మిషను మొండికేసింది. చిన్న ముక్కలు బాగానే తెగుతాయి. వెడల్పు పలక పెడితే చాలు, బ్లేడు దగ్గర పట్టేసి అంచు నల్లగా కాలిపోతుంది. పోయిన వారం ఒక పలక వెనక్కి తన్ని, పనివాడు అయ్యనార్ కడుపుకు తగిలింది. పదేళ్లుగా ఉన్నవాడు దండం పెట్టి వెళ్లిపోయాడు.

మరిది నరేంద్రన్ ఒక్క మాటలో తేల్చేశాడు. "అన్న చేతి మిషను వదినా అది. ఇంకొకరికి లొంగదు. శనివారం కొనేదానికి ఒకాయన్ని పిల్చుకొస్తా, ఇచ్చేద్దాం."

ఆ శనివారం రానే వచ్చింది. ఇందిరా నగర్‌లో ఒక ఇంటికి కిటికీలు చేసిస్తానని మీనా ఒప్పుకుని ఉంది. మిషను పోతే ఆ పనీ పోతుంది, రేపటి నుంచి ఇంకెవరి షాపులోనో పొట్టు ఊడ్చుకోవాలి. పని తెలిసిన మనిషికి అంతకంటే అవమానం ఏముంటుంది!

బ్లేడులో ఒక పన్నుకు సుద్దతో గుర్తు పెట్టింది. బల్ల మీది గాడికి మూలమట్టం ఆనించి, ముందు వైపు ఆ పన్ను దాకా కొలిచింది. బ్లేడును చేత్తో తిప్పి, అదే పన్నును వెనక వైపుకు తెచ్చి మళ్లీ కొలిచింది. రెండూ ఒకటే. పాపం బ్లేడు తప్పేమీ లేదు.

ఇక మిగిలింది గైడు, అంటే పలక ఆనుకుని జరిగే పొడవాటి ఇనుప దిమ్మ. బ్లేడుకు దగ్గరగా బిగించి చూస్తే వెంట్రుకవాసి తేడా లేదు. కిటికీ చెక్క వెడల్పుకు జరిపి బిగిస్తే, వెనక కొస అర మిల్లీమీటరు బ్లేడు వైపు ఒరుగుతోంది. బోల్టులు వదులు చేసి అక్కడ సరిచేస్తే ఇక్కడ చెడింది. మూడు సార్లు అలా చేసి, విసుగొచ్చి స్పానరు కింద పడేసింది.

తప్పు గైడులోనే ఉంటే అన్ని చోట్లా ఉండాలి కదా. ఒక్క చోటే ఉందంటే, తప్పు గైడు కూర్చునే పట్టాలో ఉండాలి. గైడును పక్కకు జరిపి, మోకాళ్ల మీద వంగి చూసింది.

సరిగ్గా అక్కడే ఆయుధ పూజకు ముకుందన్ పెట్టిన బొట్టు ఉంది. ఫ్యాను గాలికి రాలకూడదని అతను గంధం కుంకుమల్లో చెక్క జిగురు కలిపేవాడు. అది ఎండి రాయిలా బిగుసుకుపోయింది. ఒక పక్క నలిగినా, రెండో పక్క అతని బొటనవేలి గీతలు అలాగే ఉన్నాయి.

మీనా కళ్లు నిండిపోయాయి. బొట్టు అక్కడ ఉందని తెలియక కాదు. వాడి చేతి గుర్తు ఎవరూ ముట్టుకోవద్దని అత్త అమ్మాయమ్మ అంటే, అందరూ సరేనన్నారు. మీనా రోజూ పొద్దున్నే దానికి దండం పెట్టుకునేది. ఆ తర్వాత దాని మీదే గైడు బిగించి, సాయంత్రం దాకా మిషన్ను తిట్టేది.

కాఫీ తెచ్చిన అమ్మాయమ్మ గుమ్మంలోనే ఆగింది. "ఏంది మీనా, యాడ చూస్తా ఉండావు అట్లా?"

"కట్టెను పట్టేసేది ఈ బొట్టే అత్తా. దీని మీద గైడు కూసుంటే వంకర పోతా ఉంది. నువ్వు సరే అంటేనే తీస్తా. వద్దంటే మిషన్ను ఇచ్చేస్తాం."

ముసలామె కాఫీ గ్లాసు కింద పెట్టి, మిషను పక్కన చతికిలబడింది.

"ఏటా పూజ మర్నాడు, దశమి పొద్దున్నే, నువ్వు లేవక ముందే, వాడు వేణ్ణీళ్ల గుడ్డతో దీన్ని తుడిచేసేవాడు. పూజ బొట్టు అప్పుడే తీస్తావేందిరా అని తిట్టేదాన్ని. ఉంటే కట్టె పట్టేస్తుందిమ్మా అనేవాడు." పట్టా మీది బొట్టును వేలితో తడిమింది. "ఈతూరి తుడిచేదానికి వాడు లేడు. నేనేమో వద్దంటిని."

లోపలికి వెళ్లి వేణ్ణీళ్లలో తడిపిన గుడ్డ తెచ్చింది. ఆమె గుడ్డను బొట్టు మీద ఆనించగానే, మీనా ఆ చేతి మీద తన చెయ్యి వేసింది. ఇద్దరూ కలిసి తుడిచారు. గుడ్డ ఎర్రబడింది, పట్టా నున్నగా తేలింది.

బోల్టులు మళ్లీ సరిచేసి మీనా రెండు చోట్లా కొలిచింది. ముందూ వెనకా ఒకటే లెక్క. ప్లగ్గు పెట్టి కిటికీ చెక్క తోస్తే, ఎక్కడా పట్టకుండా సాఫీగా వెళ్లింది.

నరేంద్రన్ ఆ పెద్దమనిషిని వెంటబెట్టుకుని వచ్చేసరికి, మీనా కోసిన రెండు ముక్కలు మరిది చేతిలో పెట్టింది. అతను అంచుకు అంచు ఆనించి వెలుతురుకు పట్టి చూశాడు. మధ్యలోంచి ఇసుమంత వెలుగు కూడా రాలేదు. వదిన ముఖం చూశాడు, అమ్మ చేతిలోని ఎర్రగుడ్డ చూశాడు. "మన్నించండి సార్, ఇది ఇవ్వడం లేదు" అని వచ్చినాయన్ని వీధి దాకా సాగనంపాడు.

అమ్మాయమ్మ గుడ్డ పిండుతూ, కోడలి వైపు చూడకుండానే అంది.

"వచ్చే పూజకు మిషనుకు నువ్వే బొట్టు పెట్టు."

మీనా చెయ్యి బోసిగా ఉన్న తన నుదుటి మీదికి పోయింది. "నేనా అత్తా? నేను పెట్టచ్చా?"

"నువ్వు గాక ఇంకెవరే? మర్నాడు తుడిచేది మాత్రం మర్చిపోవద్దు."