చేతికియ్యి, పటేలా

అల్మాస్‌గూడలో మా కాలనీ పుట్టకముందు నుంచీ పక్కనున్న దళితవాడ జనం ఆ ముక్క నేలలోనే తమవాళ్లను పాతిపెట్టుకుంటూ వచ్చారు. లేఅవుట్ వేసినవాడు కాగితం మీద దానికి పచ్చరంగు పూసి 'పార్కు' అని రాశాడు. కాలనీ సంఘం చుట్టూ గోడ కట్టి గేటుకు తాళం వేసింది. సకల జనుల సమ్మె నడుస్తున్న రోజుల్లో, ముత్తమ్మ భర్త అంతయ్య చనిపోయిన ఉదయం, ఆ తాళం తీసేది లేదని తీర్మానించింది.

ముత్తమ్మ మా వీధిలో ఇళ్లల్లో అంట్లు తోముతుంది. నోటికి కొంగు అడ్డం పెట్టుకోకుండా ఆమె మాట్లాడడం నేనెన్నడూ చూడలేదు.

సంఘం అధ్యక్షుడు మహేందర్ నల్లగొండ మనిషి, పెద్దకులం వాడు గనుక వాడ జనానికి 'పటేలు'. కార్యదర్శి భానుమూర్తిది గోదావరి జిల్లా. ఉద్యమం మొదలయ్యాక వారిద్దరికీ ఏకాభిప్రాయం కుదిరిన విషయం నాకు తెలిసి ఇదొక్కటే.

"ద్వేషంతో అనట్లేదు మాస్టారూ," అన్నాడు భానుమూర్తి. "బోరు నీళ్లు పాడవుతాయండీ. మీరు సైన్సు మనిషి, మీకు నేను చెప్పాలా?"

"సైన్సు మనిషిని గనుకే అడుగుతున్నాను. ఆ బోరు చుట్టూ ఉన్నవన్నీ మన సెప్టిక్ ట్యాంకులే కదా! మన మలానికి లేని దోషం అంతయ్య దేహానికెలా వచ్చింది?"

ఆయన నవ్వి, తీర్మానం కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. జీవితమంతా భౌతికశాస్త్రం బోధించినవాణ్ణి. నా తర్కానికి ఆ తాళం తెరుచుకోలేదు.

మధ్యాహ్నం శవపేటిక బయలుదేరింది. గేటు దగ్గర ఆగకుండా కూడలికి వెళ్లి, రిలే నిరాహార దీక్షా శిబిరం ఎదుట ఆగింది. వేదిక మీద మహేందర్ మెడలో దండతో నిలబడి, మన నేల మీద మన హక్కు గురించి గర్జిస్తున్నాడు. ముత్తమ్మ మెట్లెక్కి, ఆయన ముందున్న మైకు అందుకుంది.

"ప్రభువు నామంల అందరికి వందనాలు."

కుర్రాళ్లు ఘొల్లుమన్నారు. "ఏ, గిది చర్చి గాదు, దిగమ్మా!"

వాడలోని రేకుల షెడ్డు చర్చిలో ఆదివారాలు, దేవుడు తమకేం చేశాడో మైకులో సాక్ష్యం చెప్పేవాళ్లు అలాగే మొదలుపెడతారు. మా మేడ మీదికి వినిపిస్తూనే ఉండేది. ఆ గొంతుల్లో ఈమెదీ ఒకటని నాకు తెలియదు.

"మా అత్త ఆ పార్కు మట్టిలనే ఉన్నది, మా మామ ఆడనే ఉన్నడు," అంది, కొంగు నడుముకు దోపుకొని. "మా ఆయన గూడ గీ టెంట్లనే కూసున్నడు, లాఠీదెబ్బలు తిన్నడు. గీ మైకు నేల అడుగుతానికే గద? నేను గూడ నేలనే అడుగుతున్న."

"ముత్తమ్మా, జర ఆగు," అన్నాడు మహేందర్. "ఉద్యమంల సొంత లొల్లి పెట్టకు. ఎల్బీనగర్ అవతల ఏడనన్న జాగ చూపిస్త."

"వద్దు పటేలా. యేసయ్య సచ్చి లేచిండని నమ్మినదాన్ని, నీకేం భయపడ్త? తాళం తీస్తవా, పగలగొట్టమంటవా?"

నవ్వులు ఆగిపోయాయి. చైతన్యపురి హాస్టళ్ల నుంచి వచ్చిన విద్యార్థులు ఒక్కొక్కరే మహేందర్ వైపు తిరిగారు. ఆయన జేబులోంచి తాళంచెవి తీసి ఆమె కాళ్ల దగ్గర పడేశాడు.

ఆమె వంగలేదు.

"చేతికియ్యి, పటేలా."

ఆ మాట మైకులో కూడలంతా వినబడింది. ఎదుటి మనిషి చేయి తగలకుండా విసిరేసే ఆ అలవాటు చదువు వల్ల వచ్చింది కాదు. చదువుతో పోయిందీ కాదు. ఆత్మగౌరవం కోసం నిరాహార దీక్ష చేస్తున్న చేతికి కూడా అది అంటుకునే ఉంది!

మహేందర్ వంగి, తాళంచెవి ఏరి, ఆమె అరచేతిలో పెట్టాడు.

గోతి దగ్గర అడిగాను: "భయం వేయలేదా ముత్తమ్మా?"

"ఎందుకెయ్యలే సార్, మస్తు ఏసింది. ప్రభువు నా పక్కన నిలవడ్డడు."

వారం వారం మైకు ముందు నిలబడిన అభ్యాసమే ఆ ధైర్యమని నా సిద్ధాంతం. మరి హేతువాద సభల్లో మాట్లాడే నాకూ వేదికలు కొత్త కాదు. అంత అభ్యాసం ఉన్న నేను ఆ మెట్లెందుకు ఎక్కలేదో నా సిద్ధాంతం చెప్పడం లేదు.

"దేవుడు లేడంటవు గద సార్, మట్టేస్తవా మరి?" అంది ముత్తమ్మ.

"మట్టి ఉంది కదమ్మా," అని గుప్పెడు తీసుకున్నాను.