వెనక్కి వెళ్ళడానికి పది రోజులు

కంప్యూటర్ ఆన్ చేసిన ప్రతి ఉదయమూ తెర మధ్యలో ఒక నీలం పెట్టె లేచేది. కంప్యూటర్‌ని నడిపే ప్రోగ్రాముకి కొత్త వెర్షన్ సిద్ధంగా ఉంది, ఇప్పుడే వేసుకుంటారా, తరవాత వేసుకుంటారా అని అడిగేది. నాగదుర్గ కుర్చీలో సరిగ్గా కూర్చోకముందే ‘తరవాత’ మీద నొక్కేసేది. ఫిబ్రవరి నుంచి సెప్టెంబరు దాకా అలా నొక్కుతూనే ఉంది. ఈ మధ్య ఆ పెట్టె కింద ఎర్ర అక్షరాలు కూడా చేరాయి. అక్టోబరు దాటితే పాత వెర్షన్‌కి రక్షణ ఉండదట. పెన్ డ్రైవుల్లో ఊరందరి వైరస్సులూ మోసుకొచ్చే ఖాతాదార్లున్న చోట అది చిన్న మాట కాదు. అయినా నొక్కేది.

మండపేటలో పెళ్ళి శుభలేఖలు వేసే ఆ ప్రెస్సులో ఆమె పందొమ్మిదేళ్ళుగా డీటీపీ చేస్తోంది. చేరేనాటికి పెళ్ళయి ఏడాది. ఇప్పుడు కూతురు డిగ్రీ చదువుతోంది. ఇన్నేళ్ళూ ఒకటే తెలుగు ఫాంటు, ఒకటే కీబోర్డు. ఏ అక్షరం ఎక్కడుందో ఆమెకి తెలియదు, ఆమె వేళ్ళకి తెలుసు. ఆ తెలుగు సాఫ్ట్‌వేర్ ఎంత పాతదంటే, దాన్ని చేసిన కంపెనీవాళ్ళే దాని పేరు చెబితే ఒక క్షణం ఆగి “ఆఁ, అదా అండీ” అనేవాళ్ళు. కంప్యూటర్ వెనక వేలెడంత డాంగిల్ ఒకటి గుచ్చి ఉంటేనే అది పనిచేస్తుంది. కొత్త వెర్షన్‌లో ఆ డాంగిల్ పనిచేస్తుందో లేదో ఎవరూ చెప్పలేకపోయారు. పనిచేయకపోతే ఇన్నాళ్ళూ కొట్టిన తెలుగంతా తెర మీద పిచ్చి గుర్తులైపోతుంది.

శుభలేఖలైతే మళ్ళీ కొట్టుకోవచ్చు. వెంకటరత్నం గారి పుస్తకం సంగతే ఆమె బెంగ.

వెంకటరత్నం గారు ఇరిగేషన్ డిపార్టుమెంటులో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. ముప్పై నాలుగేళ్ళు కాలవ గట్ల మీద సైకిల్ తొక్కుతూ, నీళ్ళకి సంబంధించి జనం వాడే మాటలన్నీ డైరీల్లో రాసుకున్నారు. బోదె, తూము, పాయ, ఒండ్రు, గండి, పోటు, పాటు, పంటు... ఒక్కో మాటకీ అర్థం, దాన్ని ఏ ఊళ్ళో ఎలా పలుకుతారు, ఎవరు చెప్పారు. నాలుగు వందల పేజీలు దాటింది. రెండేళ్ళుగా నాగదుర్గ ఖాళీ దొరికినప్పుడల్లా కొడుతోంది. అయిపోయిందంటే పీడీఎఫ్ తీసి అచ్చుకి రాజమండ్రి పంపేయొచ్చు. ఒకసారి పీడీఎఫ్ తీశాక ఇక ఫాంటుతో పనుండదు, కంప్యూటర్ ఏమైనా పుస్తకానికి ఢోకా లేదు. కాకపోతే అందులో దిద్దుబాట్లు కుదరవు. ఆయనేమో దిద్దుబాట్లు ఆపరు.

“అమ్మాయీ, చిన్న చీటీ,” అంటూ వచ్చేవారు. ఆ చిన్న చీటీ విప్పితే పదకొండు మాటలుండేవి.

“బాబాయిగారూ, ‘ప’ అక్షరం అయిపోయిందని పోయిన నెల్లో సంతకం పెట్టారు కదండీ.”

“పెట్టానమ్మా. నిన్న యానాం వెళ్తుంటే ఆటోలో ఒకాయన ‘పాటునీరు’ అన్నాడు. వదిలేస్తే పాపం కాదూ?”

పాటునీరు ‘ప’లో చేరితే ఆ తరవాతి పేజీలన్నీ జరిగేవి. జరిగిన పేజీలన్నీ ఆమె మళ్ళీ సర్దేది. కోపం వచ్చేది. ఆ మాట పక్కన ఆయన గుండ్రటి అక్షరాలతో ‘సముద్రం వెనక్కి తగ్గేటప్పుడు కాలవలో దిగిపోయే నీరు’ అని రాసిన అర్థం చదివితే, సగం కోపం అక్కడే చచ్చేది. మిగతా సగంతో కీబోర్డు మీద గట్టిగా కొట్టేది.

ఇలా ఉండగా యజమాని నాగేశ్వరప్రసాద్ గారు శ్రావణమాసంలో కొత్త కలర్ మిషను తెచ్చారు. దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, ముందు గదిలో నిలబెట్టారు. బిగించడానికి రాజమండ్రి నుంచి వచ్చిన మెకానిక్ గణేష్‌బాబు అరగంట అటూ ఇటూ చూసి, “దీనికి కొత్త వెర్షన్ ఉండాలండి. మీ మిగతా రెండు కంప్యూటర్లూ దాన్ని మొయ్యలేవు. మేడమ్ గారిదొక్కటే పనికొస్తుంది,” అన్నాడు.

“మరి నా తెలుగు పోదుగా?” అంది నాగదుర్గ.

“తొంభై శాతం ఏం కాదండి.”

“ఆ పది శాతం అయితే ఎవరండీ వచ్చేది? మీరా?”

గణేష్‌బాబు నవ్వి స్క్రూడ్రైవరు సంచీలో పెట్టుకున్నాడు.

ఫాంటు కంపెనీకి నాలుగు సార్లు ఫోన్ చేసింది. మొదటిసారి పనిచేస్తుందన్నారు. రెండోసారి చేయదన్నారు. మూడోసారి కొత్త సాఫ్ట్‌వేర్ కొనుక్కోమన్నారు, అందులో పాత ఫైళ్ళు తెరుచుకుంటాయిగానీ వత్తులు కొన్ని అటూ ఇటూ అవుతాయన్నారు. నాలుగోసారి పాట వినిపించి పెట్టేశారు. నాలుగు వందల పేజీల్లో వత్తులు అటూ ఇటూ అయితే ఏమవుతుందో అక్కడ ఫోనెత్తిన అమ్మాయికి తెలిసినట్టు లేదు.

ఇక ప్రసాద్ గారు రోజుకి రెండుసార్లు అడగడం మొదలుపెట్టారు. “అమ్మా, ఎప్పుడు చేస్తావు? మిషను మీద దుమ్ము పడుతోంది. ఆశ్వయుజం రానే వచ్చె.”

“పుస్తకం అవగానే చేస్తానండి.”

“ఆ పుస్తకం నా షష్టిపూర్తికి కూడా అవ్వదు.”

అందులో తప్పు పట్టడానికేమీ లేదు. తప్పులేని మాట విన్నప్పుడే ఆమెకి ఎక్కువ ఒళ్ళు మండేది.

సెప్టెంబరు చివర్లో మొగల్తూరులో ఆడపడుచు గృహప్రవేశానికని రెండు రోజులు సెలవు పెట్టింది. వెళ్ళే ముందు కీబోర్డు మీద ‘దయచేసి ఏమీ నొక్కవద్దు’ అని పెద్ద అక్షరాలతో కాగితం అంటించింది. తిరిగొచ్చేసరికి ఆ కాగితం చెత్తబుట్టలో ఉంది. కంప్యూటర్ తెర కొత్త చీర కట్టుకున్నట్టు తళతళలాడుతోంది. నీలం పెట్టె లేదు.

“నేనే నొక్కేశానమ్మా,” అన్నారు ప్రసాద్ గారు సంబరంగా. “నువ్వు ఎనిమిది నెలలు ఆలోచించావు. నాకు గంటన్నర పట్టింది. చూడు, ఏమైంది? ఏం కాలేదు. మిషను ఎంత బాగా కొడుతోందో చూడు!”

ఆయన చేతిలో పెట్టిన కార్డు మీద వినాయకుడు నిజంగానే మెరిసిపోతున్నాడు. అరటి చెట్లు, పూర్ణకుంభం, నెమలి కంఠం రంగు అంచు. ఒక్క అక్షరం లేదు.

నాగదుర్గ కూర్చుని తెలుగు సాఫ్ట్‌వేర్ నొక్కింది. గడియారం గుర్తు తిరిగి, తిరిగి, డాంగిల్ దొరకడం లేదని ఇంగ్లీషులో చెప్పి మూసుకుపోయింది. మళ్ళీ నొక్కింది. అదే. వెంకటరత్నం గారి ఫైలు తెరిచింది. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, బ్రాకెట్లు, చుక్కలు.

“ఏంటమ్మా అది?” అన్నారు ప్రసాద్ గారు ఆమె భుజం మీదుగా వంగి.

“పుస్తకమండి.”

“మరి... మొన్న ఆర్డరిచ్చిన మిల్లు వాళ్ళ అమ్మాయి శుభలేఖ?”

“అదీ ఇలాగే ఉంటుందండి. వినాయకుడొక్కడినీ వేసి ఇవ్వండి. పెళ్ళికూతురి పేరు వాళ్ళనే చేత్తో రాసుకోమనండి.”

పందొమ్మిదేళ్ళలో ఆయనతో అలా మాట్లాడటం అదే మొదటిసారి. ఆయన ముఖం కందిపోయింది. “నా కంప్యూటరు, నా మిషను, నా ప్రెస్సు. నేను నొక్కకూడదా?” అని గట్టిగానే అరిచారు. కౌంటర్ దగ్గర కార్డులు చూసుకుంటున్న దంపతులు ఇద్దరూ తలెత్తారు. నాగదుర్గకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాళ్ళ ముందు ఏడవడం ఇష్టంలేక తెర వైపు తిరిగి సెట్టింగులన్నీ ఒక్కొక్కటే తెరిచి చూడటం మొదలుపెట్టింది. చూడటానికేముందో ఆమెకే తెలియదు. అలా వెతుకుతుంటే ఒక మూల చిన్న అక్షరాలతో కనిపించింది: పాత వెర్షన్‌కి పది రోజుల్లోపు వెనక్కి వెళ్ళవచ్చు. రెండు రోజులు అప్పటికే అయిపోయాయి.

“ప్రసాద్ గారూ,” అంది, ఈసారి నెమ్మదిగా. “దీన్ని వెనక్కి తిప్పుతాను. వారం రోజులు నాకివ్వండి. ఈ వారంలో పుస్తకం మూసేస్తాను. చేతిలో ఉన్న శుభలేఖలన్నీ పీడీఎఫ్‌లు తీసేస్తాను. వచ్చే సోమవారం నేనే నా చేత్తో కొత్తది వేస్తాను. కొత్త తెలుగు సాఫ్ట్‌వేర్ మీరు తెప్పించండి. ఇంకోసారి ఎవరైనా ముట్టుకుంటే మాత్రం నేను రాను.”

ఆయన వినాయకుడి కార్డు చేతిలో ఒకసారి తిప్పి చూశారు. “సోమవారం అంటే సోమవారమేనా?” అన్నారు.

“సోమవారమేనండి.”

వెనక్కి వెళ్ళడానికి నలభై నిమిషాలు పట్టింది. ఆ నలభై నిమిషాలూ ఆమె మంచినీళ్ళు కూడా తాగలేదు. డాంగిల్ మీద ఎర్ర దీపం వెలిగి, మొదటి పేజీ మీద ‘అ’ అన్న అక్షరం కనిపించాక లేచి వెళ్ళి మొహం కడుక్కుంది.

అసలు కష్టం వెంకటరత్నం గారితో వచ్చింది. మర్నాడు చీటీతో వచ్చిన ఆయన్ని కూర్చోబెట్టి జరిగిందంతా చెప్పింది. శనివారం సాయంత్రం పుస్తకం మూసేస్తానంది.

“మూసేయడమంటే?”

“ఇక ఒక్క మాట కూడా ఎక్కించలేనండి.”

“అమ్మాయీ, ఇంకా నా దగ్గర నూట ఇరవై చీటీలున్నాయి. కంప్యూటరుకి ఏదో కొత్త చొక్కా తొడుగుతున్నారని నీళ్ళు ఆగిపోతాయా?”

“నీళ్ళు ఆగవు బాబాయిగారూ. నేను ఆగాలి. ఎనిమిది నెలలుగా మీకోసమే రోజూ దీన్ని వాయిదా వేస్తున్నాను. పొద్దున్నే ఆ పెట్టె చూస్తే నాకు దడ. నిన్న మీ పుస్తకం మొత్తం డాలరు గుర్తులైపోయింది. మీరు చూడలేదు, నేను చూశాను.”

ఆయన గొడుగు తీసుకుని, చీటీ జేబులో పెట్టుకుని వెళ్ళిపోయారు. వెళ్ళేటప్పుడు ఎప్పుడూ చెప్పే “ఉంటానమ్మా” కూడా చెప్పలేదు. ఆ రోజంతా నాగదుర్గకి ఏ పనీ సాగలేదు. పెద్దాయన్ని నొప్పించానేమో అని ఒకసారి, ఎనిమిది నెలలు నన్నెవరు పట్టించుకున్నారు అని ఒకసారి అనుకుంది.

మర్నాడు పొద్దున్న ప్రెస్సు తలుపులు తీసేసరికి ఆయన మెట్ల మీద కూర్చుని ఉన్నారు. ఒళ్ళో గుడ్డసంచీ నిండా చీటీలు.

“మీ పిన్నిగారు చీవాట్లు పెట్టింది,” అన్నారు తల దించుకుని. “సంపూర్ణమ్మ నోరు నీకు తెలీదు. పోనీ, ఎన్ని కుదిరితే అన్ని వెయ్యి. నేను ఏరి ఇస్తాను.”

ఏరడం ఆయన వల్ల కాలేదు. ప్రతి చీటీ తీసి, ఇది తప్పకుండా ఉండాలి అనేవారు. “మరి ఏది వద్దండీ?” అంటే, సంచీలోంచి ఇంకో చీటీ తీసేవారు. గురువారం మధ్యాహ్నానికి ఇద్దరికీ ఓపిక పోయింది. వరద మొదట్లో వచ్చే ‘ఎర్రనీరు’ అన్న మాట కింద మూడు ఊళ్ళ పలుకుబడి వేయాలని ఆయన, ఒకటి చాలని ఈమె, గట్టిగానే వాదులాడుకున్నారు. చివరికి రెండు వేశారు. శుక్రవారానికి డెబ్బై మూడు చీటీలు ఎక్కాయి. ఆమె మెడ పట్టేసింది. మధ్యలో శుభలేఖల వాళ్ళు వచ్చి తొందరపెడుతుంటే ప్రసాద్ గారే వాళ్ళని కూర్చోబెట్టి, టీ తెప్పించి, “లోపల పెద్ద పని జరుగుతోందండి, కొంచెం ఓపిక పట్టండి,” అని సర్ది చెబుతున్నారు. ఆ గొంతు విని నాగదుర్గ నిజమేనా అన్నట్టు ఒకసారి వెనక్కి తిరిగి చూసింది.

శనివారం ఆయన సంచీ లేకుండా వచ్చారు. ఒక్క తెల్ల కాగితం మాత్రం చేతిలో ఉంది.

“మాటలు కావమ్మా,” అన్నారు, ఆమె ఏమైనా అనేలోపే. “నిన్న పడుకుంటే గుర్తొచ్చింది. ఈ మాటలు నాకు చెప్పినవాళ్ళలో చాలామంది పేర్లు మాటల కింద అక్కడక్కడా ఉన్నాయిగానీ, అందరినీ ఒకచోట పెట్టలేదు. కాలవ గట్లు కాసే లస్కర్లు, పడవ సరంగులు, మురుగు కాలవలో గుర్రపుడెక్క తీసే ఆడవాళ్ళు. సగం మంది పోయారు. మిగతావాళ్ళు చదువుకోలేదు, కానీ వాళ్ళ పేరు చూపిస్తే గుర్తుపడతారు. చోటుందా?”

చోటు లేదు. పేజీల లెక్క ఖాయమై రాజమండ్రికి చెప్పేశారు. నాగదుర్గ కాగితం తీసుకుని చూసింది. అరవై ఒక్క పేర్లు. కొన్నింటికి ఇంటి పేరు లేదు, ఊరు మాత్రమే ఉంది. ఒకచోట ‘వెంకన్న, తూము దగ్గర ఇల్లు’ అని ఉంది.

ముందుమాట అక్షరాల సైజు తగ్గించింది. దాని పేజీల్లో ఒకటి మిగిలింది. రెండు వరసలుగా పేర్లన్నీ కొట్టింది. ఆయన పక్కన కూర్చుని ఒక్కో పేరూ పైకి చదివి సరిచూశారు. సాయంత్రం ఆరింటికి పీడీఎఫ్ తీసి పంపేసింది. ఆయన లేచి, “ఇంక రేపట్నుంచి ఏం చేయాలో,” అని తనలో తాను అనుకున్నట్టు అని, గొడుగు మరిచిపోయి వెళ్ళారు. ఆమె వీధి చివరిదాకా పరిగెత్తి ఇచ్చొచ్చింది.

సోమవారం పొద్దున్న నాగదుర్గ ‘ఇప్పుడే’ మీద నొక్కింది. తేలిగ్గా ఉంటుందనుకుంది. ఉండలేదు. శాతం అంకె నెమ్మదిగా పెరుగుతుంటే చేతులు కట్టుకుని చూస్తూ కూర్చుంది. పదకొండింటికి కొత్త తెర వచ్చింది. కొత్త తెలుగు సాఫ్ట్‌వేర్ వేసుకుంది. అందులో పాత కీబోర్డు పద్ధతి ఉంటుందన్నారు గానీ, పూర్తిగా అది కాదు.

“అయిందా అమ్మా?” ముందు గదిలోంచి ప్రసాద్ గారు కేకేశారు. “మిల్లు వాళ్ళొచ్చారు! ముహూర్తం మారిందట, కార్డు మళ్ళీ కొట్టాలి!”

“అవుతోందండి!”

పెళ్ళికూతురి పేరు దేవిశ్రీ. ‘దేవి’ దాకా వచ్చింది. ‘శ్రీ’ దగ్గర వేలు అలవాటైన చోటికే వెళ్ళింది. తెర మీద ఏదో వేరే అక్షరం పడింది. చెరిపింది. మళ్ళీ వెళ్ళింది. మళ్ళీ అదే పడింది. పళ్ళు కొరుక్కుంటూ చెరిపి, కీబోర్డు బొమ్మ ఉన్న కాగితం ముందుకి లాక్కుని, చదువు మొదలుపెట్టిన పిల్లలా ఒక్కో గడీ మీదా వేలు పెట్టి ‘శ’ ఎక్కడుందో వెతకసాగింది.