ముట్టని తాంబూలం

రాధమ్మ కాలు మిషను పెడలు మీద ఆడుతోంది. వంకాయ రంగు పట్టుచీరకు ఫాల్ కుడుతోంది. ప్రొద్దుటూరు బట్టల కొట్లలో ఆమె పనంటే నమ్మకం. కుట్టు పైకి కనపడిందంటే అది రాధమ్మ చేతిది కాదన్నమాట. సన్నటి మనిషి, తెగిన కాడకు దారం కట్టిన కళ్లద్దాలు, సూది పోట్లకు గట్టిపడిన వేళ్లు. వీధిగది కిటికీలోంచి వచ్చే వెలుతురే ఆమెకు కూడూ గుడ్డా.

ఆ కిటికీ దగ్గరే వచ్చింది రచ్చంతా. ఇల్లు మామగారిది, ఆయన తర్వాత కొడుకులిద్దరిదీ. పెద్దకొడుకు, అంటే రాధమ్మ భర్త, పిల్లలు లేకుండానే పోయాడు. మరిది కోదండపాణి జమ్మలమడుగులో గుడి పూజారి. ఆయన వ్యవహారాన్ని తమ గురుపీఠానికి మోసుకెళ్లాడు. అన్నకు కొడుకులు లేరు గనక ఇల్లంతా తమ్ముడిదేననీ, వదినకు బతికినన్నాళ్లూ వెనక వంటగదీ ఇంత తిండీ చాలుననీ స్వామివారు ఆజ్ఞ ఇచ్చారు. వంటగదట! పట్టపగలు కూడా అక్కడ సూదిలో దారం ఎక్కదు.

ఆజ్ఞ చదివాక ఇద్దరి ముందూ తాంబూలం పెట్టారు. పుచ్చుకుంటే ఒప్పుకున్నట్టు. తాతల నాటి మర్యాద అది. కోదండపాణి తనది కళ్లకద్దుకున్నాడు. రాధమ్మ చేతులు కొంగులో దాచుకుని కూర్చుంది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. మౌనం అర్ధాంగీకారమంటూ పెద్దలు లేచిపోయారు. అక్కడే బోల్తా పడ్డారు మహానుభావులు.

రాధమ్మ తన వాటా కోసం దావా వేసింది. సివిల్ కోర్టులో మరిది వకీలు ఆ ఆజ్ఞనే చూపించి, అంతా విని ఊరకున్నావంటే ఒప్పుకున్నట్టే గదా అని నిలదీశాడు.

"నేను యాడ ఒప్పుకుంటి సామీ? నా ముందర పెట్టిన తాంబూలం ఆడ్నే ఉన్నింది. శేషయ్యప్పను అడగండి," అంది రాధమ్మ.

శేషయ్య పీఠం పెద్దమనిషి, మరిది తెచ్చుకున్న సాక్షే. అబద్ధమాడే మనిషి కాదు పాపం, అవునన్నాడు. ఇద్దరూ ఒప్పుకుంటేనే మధ్యవర్తి తీర్పు చెల్లుతుందనీ, భర్త సగం భార్యదేననీ జడ్జి తేల్చేశాడు.

ఈరోజు పొద్దున కోర్టు పంపిన మనుషులు ఇంటిని కొలిచి సున్నంతో గీత గీసి పోయారు. వీధిగది రాధమ్మ వైపు పడింది. అప్పీలుకు పోతానని ఇన్నాళ్లూ ఎగిరిన కోదండపాణి ఇప్పుడు అరుగు మీద కూర్చుని ఆ గీతనే చూస్తున్నాడు. ఆమె కోడలుగా వచ్చేనాటికి లాగూ నిలవని పిల్లవాడు. ముద్దలు కలిపి పెట్టిన చెయ్యి ఆమెదే.

రాధమ్మ మిషను ఆపింది. ఇత్తడి పళ్లెంలో రెండు ఆకులు, రెండు వక్కలు పెట్టి తెచ్చింది. భర్త పోయిన ఆడది తాంబూలం ఇవ్వడమేమిటని లోకం అంటే అననీ.

"నా సగం నాకు, నీ సగం నీకు. ఇంతటితో సరే అనుకుంటే తీసుకో నాయినా. నువ్వు గమ్మునుంటే మాత్రం ఒప్పుకున్నట్లని నేను అనుకోను."

"స్వామి మాట దాటితే పాపం తగుల్తాదేమో వదినా."

"నా నోటికాడ కూడు తీస్తే తగలదా?" అందామె, నెమ్మదిగానే.

రాధమ్మ పళ్లెం అరుగు మీదే ఉంచి లోపలికి వెళ్లింది. చీర కుట్టడం మిగిలే ఉంది మరి. బస్సుకు పోతున్నానని కోదండపాణి గొంతు వినపడింది, తర్వాత చెప్పుల చప్పుడు. అంచు పూర్తిచేసి, దారం తెంపి, అప్పుడు బయటికి వచ్చింది.

పళ్లెంలో ఒక ఆకు, దాని మీద ఒక వక్క.