పక్క సీటు బ్రేకు

డ్రైవింగ్ మాస్టారి కారులో బ్రేకులు రెండు. ఒకటి నేర్చుకునేవాళ్ల కాలి కింద, ఇంకొకటి పక్క సీట్లో మాస్టారి కాలి కింద. ముప్ఫయ్యేళ్లపాటు ఊరి జనం ఒంటి మీద చేతులూ కాళ్లూ సవ్యంగా ఉన్నాయంటే ఆ రెండో బ్రేకు చలవేనని ఆయన నమ్మకం. ఆ నమ్మకంలో కొంత నిజం కూడా ఉంది. ఆయన దగ్గరికి వచ్చేవాళ్లలో కొందరు స్తంభం కనిపిస్తే పక్కకి తిప్పకుండా కళ్లు మూసుకునే రకం.

ఆయనకో పద్ధతి ఉండేది. నేర్పడం పూర్తయిన ఆఖరి రోజున ఆయన చెప్పులు విడిచేసి, రెండు కాళ్లూ సీటు మీదకి లాక్కుని, బాసింపట్టు వేసుకుని కూర్చునేవారు. ఇక బ్రేకు దగ్గర ఆయన కాలు లేదన్నమాట. బాగా వచ్చిందనో, శభాషనో ఆ నోటివెంట ఎవరూ ఎన్నడూ వినలేదు. మాస్టారు కాళ్లు మడిచారంటే పాసైనట్టే, లైసెన్సు ఆఫీసువాళ్లు ఇచ్చేది ఉత్త కాగితం. కాళ్లు మడిచిన రోజున మిఠాయి పంచినవాళ్లు కూడా ఉన్నారు.

ఆయన భార్యను అందరూ చాటున ఫారాలమ్మ అనేవాళ్లు. స్కూలు ముందు గదిలో కూర్చుని ముప్ఫయ్యేళ్లు లైసెన్సు ఫారాలు నింపింది ఆవిడే. పేరు సంగతి ఆవిడకి తెలుసు, తెలిసీ ఊరుకుంది. నిజానికి ఆవిడా ఒకప్పుడు స్టీరింగు పట్టింది. పెళ్లయిన కొత్తలో నాలుగు రోజులు. ఆవిడ కాలు బ్రేకు దాకా వెళ్లేలోపే మాస్టారి కాలు నొక్కేసేది, బండి ఎగిరి ఆగేది. నాలుగో రోజున మైదానంలో ముగ్గురు కుర్రాళ్లు చూస్తుండగా ఆయన, "నీ కాలికి కంగారెక్కువే. ఇది నీకు రాదులే, ఫారాలు చూసుకో" అన్నారు. కుర్రాళ్లు నవ్వారు. ఆవిడ తాళం చెవి బానెట్ మీద పెట్టి నడిచి ఇంటికెళ్లిపోయింది. ఆ నవ్వు ముప్ఫయ్యేళ్లూ ఆవిడ చెవిలోనే ఉండిపోయింది.

ఇక మూడో ప్రాణి హారన్. పదకొండేళ్ల కింద ఆ కారు కిందే దొరికిన కుక్కపిల్ల. హారన్ ఇరుక్కుపోయినట్టు ఆపకుండా అరిచింది కనక ఆ పేరు. వెనక సీట్లోనే పెరిగింది. ఎంతమంది నేర్చుకునేవాళ్ల కుదుపులు తిన్నదో లెక్కలేదు. మాస్టారి మోకాలు లేస్తే చాలు, బ్రేకు పడబోతోందని దానికి తెలిసిపోయేది. వెంటనే లేచి నాలుగు కాళ్లూ బిగించి నిలబడేది.

ప్రతి వేసవిలో స్కూలుకి వారం రోజులు సెలవిచ్చి ముగ్గురూ బయల్దేరేవాళ్లు. కారు పైన టెంటు, వెనక స్టవ్వు, గిన్నెలు, రొట్టెలు, గుడ్లు. ఒక రోజంతా ప్రయాణం, కొండ దాటాక లోయలో ఒక వాగు, వాగు ఒడ్డున చదునైన గడ్డి నేల, అక్కడ మూడు రోజుల మకాం. అక్కడ మాస్టారు వేరే మనిషి. కేకలుండవు. వాగులో కాళ్లు పెట్టుకుని కూర్చుని కుక్కకి కబుర్లు చెప్పేవారు. టీ కూడా ఆయనే పెట్టేవారు. ఏడాదిలో ఆ మూడు రోజుల కోసమే తను మిగతా రోజులు ఫారాలు నింపుతున్నానని ఆవిడకి అనిపించేది.

నాలుగేళ్ల కింద ఆయన చూపు దెబ్బతింది. పూర్తిగా పోలేదు, నడిమధ్యలో పోయింది. ఏది సూటిగా చూసినా దాని మధ్య భాగం చెరిపేసినట్టుంటుంది, అంచులు కనిపిస్తాయి. "మా ఆవిడ మొహం పోయింది, చెవులు మిగిలాయి" అని జనం దగ్గర నవ్వించేవారు గానీ, ఇంట్లో రోజులకి రోజులు మాట్లాడేవారు కాదు. డాక్టరు ఇక బండి నడపొద్దన్నాడు. స్కూలు మూతపడింది. కార్లు ఒక్కొక్కటే వెళ్లిపోయాయి. పాతది ఒక్కటి మిగిలింది, అదీ హారన్ అందులో పడుకుంటుంది కనక.

నాలుగు వేసవులు అలా ఊరికే పోయాయి. టెంటు అటక మీదే ఉంది. ఐదో వేసవి రాకముందే ఫారాలమ్మ ఎవరికీ చెప్పకుండా ఊరి రెండో చివర్న ఉన్న ఇంకో స్కూల్లో చేరింది. వేల మంది ఫారాలు నింపిన చెయ్యి, యాభై ఎనిమిదో ఏట తన పేరు తను రాసుకోబోయి మొదటి ఫారం పాడుచేసింది. లైసెన్సు చేతికొచ్చిన రోజున తీసుకెళ్లి మాస్టారి టీ కప్పు పక్కన పెట్టింది. ఆయన దాన్ని కంటి దగ్గర పెట్టుకుని ఓరగా, అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఫొటోలో చెవులు బాగా పడ్డాయి" అన్నారు. అంతే.

వాగు దగ్గరికి తనే తీసుకెళ్తానని ఆవిడ అన్నప్పుడు కూడా ఆయన కాదనలేదు. కానీ పక్క సీటు బ్రేకు తీయించేద్దామనగానే అగ్గి మీద గుగ్గిలం అయిపోయారు. "అది తీసేస్తే అది నా బండి కాదు. నన్ను కూడా దించేసి వెళ్లు."

"ఉంచుకోండి. కానీ మీ కాలు ఒక్కసారి దాని మీద పడిందా, అక్కడికక్కడే వెనక్కి తిప్పేస్తాను. ఇంటికి రాగానే బండి అమ్మేద్దాం. టెంటు కూడా ఎవరికైనా ఇచ్చేద్దాం. మళ్లీ ఈ ఊసు ఎత్తేది లేదు."

"సరే."

ఆ 'సరే' అంత తేలిగ్గా వచ్చేసరికి ఆవిడకి అనుమానమేసింది. అయినా ఊరుకుంది. సామాను సర్దే హడావిడిలో అంత ఆలోచించే తీరికెక్కడిది? పైగా హారన్ ఒళ్లు తుడిచే నీలం అంచు తువ్వాలు సగానికి చిరిగి కనిపించింది. "ముసలితనంలో నీకు తువ్వాళ్లు కావాల్సొచ్చాయా?" అని దాన్ని నాలుగు తిట్టింది. హారన్ తప్పు చేసినదాని మొహమే పెట్టింది. దానికి ఎప్పుడూ ఆ మొహమే.

తెల్లారగట్ల బయల్దేరారు. ఊరు దాటిందో లేదో, పక్కన టక్‌మని మాస్టారి మోకాలు లేచింది. ఫారాలమ్మ అద్దంలోకి చూసింది. హారన్ నిలబడి ఉంది, కాళ్లు బిగించి. ఆవిడ ఊపిరి బిగబట్టింది. బండి మాత్రం ఆగలేదు, సాఫీగా పోతూనే ఉంది. కాలు లేపి కూడా నొక్కకుండా నిగ్రహించుకున్నారు కాబోలు అనుకుంది. మనిషి మీద కొంచెం జాలి కూడా వేసింది.

దారంతా ఇదే వరస. లారీ ఎదురొస్తే మోకాలు, మలుపొస్తే మోకాలు, సైకిలు కనిపిస్తే మోకాలు. హారన్ లేవడం, కాసేపు చూడటం, ఏమీ జరక్కపోయేసరికి కూర్చోవడం. పాపం దాని తల ప్రాణం తోకకొచ్చింది.

పాత దారి చాలా మారిపోయింది. వాళ్లు ఎప్పుడూ ఆగే రేకుల టీకొట్టు ఉన్నచోట పెద్ద పెట్రోలు బంకు వచ్చింది. ఆ టీకొట్టతను హారన్ కోసం బిస్కెట్లు విడిగా దాచేవాడు. హారన్ దిగి బంకంతా వాసన చూసి, సరిగ్గా ఆ పాత బెంచీ ఉండే చోటుకి పోయి కూర్చుంది. ఎంత పిలిచినా కదలదు. ఆ బెంచీ మీదే ఒక వానలో, ముగ్గురూ ఒకే టార్పాలిన్ కప్పుకుని కూర్చున్నారు. ఆ రోజు మాస్టారు ఆవిడ తడిసిన పాదాల్ని హారన్ నీలం అంచు తువ్వాలుతో తుడిచారు. ఇంటి దగ్గరైతే చచ్చినా చేసేవారు కాదు. ఆవిడ సంచిలోంచి బిస్కెట్ తీసి కుక్క ముందు పెట్టింది. అప్పుడు గానీ అది లేవలేదు.

మధ్యాహ్నం దాటాక హారన్ లేవడం మానేసింది. మోకాలి చప్పుడు వినిపిస్తూనే ఉంది, కుక్క మాత్రం సీటు మీద సాగిలపడి నిద్రపోతోంది. అద్దంలో అది చూసి ఫారాలమ్మ భుజాలు కూడా కిందికి దిగాయి. చిన్నగా ఏదో కూనిరాగం తీసింది కూడా.

కొండ దిగుతుండగా జరిగింది. మలుపు తిరగ్గానే రోడ్డు నిండా గొర్రెలు. బండి కీచుమంటూ ఆగింది. ముందున్న గొర్రెకీ బంపరుకీ మధ్య జానెడు ఎడం. నిద్రలో ఉన్న హారన్ సీటు మీంచి దభేలుమని కింద పడి, ఇంత అవమానం తన జన్మలో ఎరగనట్టు చూసింది.

ఫారాలమ్మ కిందికి చూసింది. తన కాలు బ్రేకు మీదే ఉంది, కానీ అది ఎప్పుడు వెళ్లిందో తనకి తెలీదు. పక్కకి చూస్తే మాస్టారి కాళ్లు రెండూ బిగుసుకుని ముందుకి చాచి ఉన్నాయి.

"నొక్కారా?"

ఆయన మొహం మీద చెమట. అబద్ధం ఆడటం ఆయనకి చేతకాదు. "నొక్కాను."

ఆవిడ గొర్రెలు వెళ్లేదాకా స్టీరింగు పట్టుకుని కూర్చుంది. అంటే తను ఆపలేదన్నమాట. పెళ్లయిన కొత్తలో మైదానంలో జరిగిందే మళ్లీ జరిగింది. ఘాట్ రోడ్డులో బండి తిప్పే చోటు లేదు కనక కిందికి దిగింది గానీ, లేకపోతే అక్కడే తిప్పేసేదే. "రాత్రికి ఉండి, పొద్దున్నే వెళ్లిపోదాం" అంది వాగు కనిపించాక. ఆ వాగు కోసం నాలుగేళ్లు కళ్లు కాయలు కాచేలా ఎదురుచూసింది. ఇప్పుడు దాన్ని సరిగ్గా చూడను కూడా చూడలేదు.

టెంటు వేశారు. గుడ్డకి ఇంకా పాత పొగ వాసన, ఒక కర్ర మీద హారన్ చిన్నప్పటి పంటి గాట్లు. మాస్టారు ఆ గాట్లని వేళ్లతో తడుముతూ చాలాసేపు కూర్చున్నారు. ఆవిడ రొట్టె ముక్క తిని అటు తిరిగి పడుకుంది.

పొద్దున్నే లేచి గిన్నెలు సర్దుతుంటే ఉడకబెట్టిన గుడ్డు ఒకటి తక్కువైంది. దొంగ ఎవరో వెతకక్కర్లేదు. హారన్ పక్క సీటు కింద దూరి తోక మాత్రం బయట పెట్టింది. ఫారాలమ్మ వంగి చెయ్యి లోపలికి పోనిచ్చింది. మోచెయ్యి మాస్టారి బ్రేకుకి తగిలింది. తగలగానే అది బరువేమీ లేనట్టు లోపలికి పడిపోయి, అంతే తేలిగ్గా వెనక్కి లేచింది.

ఆవిడ మళ్లీ నొక్కి చూసింది. దానికి ఏ బలమూ లేదు. కింద తడిమితే బ్రేకు తీగ ఊడదీసి ఉంది. వేలాడకుండా పక్కకి లాగి ఒక గుడ్డపీలికతో కట్టి ఉంది. గుడ్డపీలికకి నీలం అంచు.

చూపు సరిగ్గా లేని మనిషి, కారు కింద పడుకుని, వేళ్లతో వెతుక్కుని ఆ పని చేశాడు. అది తీస్తే నా బండే కాదన్న మనిషి. ఆవిడ అక్కడే గడ్డిలో కూలబడింది. హారన్ గుడ్డు ముగించుకుని వచ్చి మూతి నాకింది. "నిన్ను ఊరికే తిట్టానే" అని దాని మెడ పట్టుకుంది.

మాస్టారు వాగులో కాళ్లు పెట్టుకుని కూర్చుని ఉన్నారు. ఆవిడ వెళ్లి పక్కన నిలబడింది.

"ఎప్పుడు విప్పారు?"

"మొన్న. నువ్వు రొట్టెలు తేవడానికి వెళ్లినప్పుడు."

"మరి నిన్న నొక్కానన్నారేంటి?"

"నొక్కాను కనక అన్నాను. నువ్వడిగింది నొక్కారా అనేగా."

"పనిచెయ్యని బ్రేకు నొక్కడమేంటండీ?"

"కాలు ఆగదే! ఆగదని తెలిసే విప్పాను. లేకపోతే ఊరి పొలిమేరలోనే నిన్ను ఆపేసుండేవాణ్ణి. నలభైసార్లు నొక్కేదాకా లెక్కపెట్టుకున్నాను. తర్వాత సిగ్గేసి మానేశాను."

"గొర్రెల దగ్గర?"

"అక్కడ రెండు కాళ్లతో నొక్కాను." ఆయన మెడ పక్కకి వంచి, కంటి కొసతో ఆవిడ మొహాన్ని పట్టుకునే ప్రయత్నం చేశారు. "బండి ఆపింది నువ్వు. రోజంతా ఆపింది నువ్వే."

"చెప్పొచ్చుగా! రాత్రంతా నేను..."

"ఏమని చెప్పను? మాటిచ్చి, తీగ కూడా విప్పేసి, అయినా కాలు పెట్టానని? మొహం చెల్లలేదు."

ఆవిడకి ఏడుపు వచ్చేసింది. "నా కాలికి కంగారెక్కువన్నారు మీరు. అందరి ముందూ."

"అన్నాను" అన్నారాయన. "కంగారు నా కాలిది. నేను ముందే నొక్కేస్తుంటే నీ కాలికి పనెక్కడ మిగిలింది? ఆ రోజే తెలుసు నాకు. ఒప్పుకోవడానికి ఇన్నేళ్లు పట్టింది."

ఆవిడ చెప్పులు విడిచి నీళ్లలో కాళ్లు పెట్టింది. సర్దిన గిన్నెలు అలాగే ఉండిపోయాయి. కాసేపటికి మాస్టారు లేచి, తడుముకుంటూ వెళ్లి స్టవ్వు తీసి టీ పెట్టారు. చక్కెర వెయ్యడం మర్చిపోయారు. ఆవిడ చెప్పలేదు, మొత్తం తాగేసింది. అనుకున్న మూడు రోజులూ ఉన్నారు.

నాలుగో రోజు పొద్దున్న బయల్దేరేటప్పుడు టెంటు పైన కట్టి, హారన్‌ని వెనక ఎక్కించి, ఫారాలమ్మ స్టీరింగు ముందు కూర్చుంది. తాళం తిప్పబోతుంటే పక్కన ఏదో పెనుగులాట. మాస్టారు చెప్పులు విడిచేశారు. రెండు చేతులతో ఒక మోకాలు పట్టుకుని సీటు మీదకి లాక్కున్నారు. అబ్బా అన్నారు. రెండోది ఇంకా మొండికేసింది. దాన్నీ లాక్కుని, ఎలాగో కింద మడిచి, బాసింపట్టు వేసుకుని సర్దుకున్నారు.

ఆవిడ చెయ్యి తాళం మీదే ఆగిపోయింది.

"దించండి, మోకాళ్లు పట్టేస్తాయి" అంది.

"నా మోకాళ్ల సంగతి నేను చూసుకుంటాను. నువ్వు రోడ్డు చూడు."

ఫారాలమ్మ కళ్లు తుడుచుకుని అద్దం సరిచేసుకుంది. అద్దంలో హారన్ అప్పటికే నిద్రపోతోంది.