మొదటి ఆప్షన్ బందరు

వచ్చీ రాగానే శామ్యూల్ రాజ్ కృపాకుమారి ఇంజినీరింగ్ ఎంట్రన్సు ర్యాంకు అడిగాడు. వాళ్ళమ్మ దయామణి మోకాళ్ళ నొప్పుల సంగతి అడగలేదు, నాన్న జకరయ్య ఆటో సంగతీ అడగలేదు. అతను దయామణికి పెద్దమ్మ కొడుకు, అంటే కృపకి మావయ్య. గుడివాడ అవతల ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్తాడు. తాతయ్య జ్ఞాపకార్థ కూడికకి రావడానికి తీరిక దొరకని మనిషి, ఇవాళ మిట్టమధ్యాహ్నం కూల్‌డ్రింకు సీసా పట్టుకుని అవనిగడ్డ పక్కనున్న ఈ ఊరికి బండేసుకుని వచ్చాడు. ఊరికే రాలేదని కృపకి అనిపించింది.

"కాలేజీల ఆప్షన్లు పెట్టడానికి ఇవాళే ఆఖరు కదా బావా? నేను పెట్టేస్తా. నెట్ సెంటర్ వాడి చేతిలో పెడితే పిల్ల బతుకు బుగ్గయిపోద్ది."

జకరయ్య పొంగిపోయాడు. "దేవుడే పంపించాడయ్యా నిన్ను. ఈ కంప్యూటర్ గొడవ తెలిసినోళ్ళు మనకెవరున్నారని పొద్దున్నే అనుకున్నాం."

కృప గుమ్మానికి ఆనుకుని నిలబడింది. ఆమెకి కావలసింది ఒక్కటే, బందరు ప్రభుత్వ కాలేజీలో కంప్యూటర్ సైన్స్ సీటు. వాళ్ళ వీధిలోనే ఉండే, ఆమె కంటే మూడేళ్ళు పెద్దదైన సాబిరా అక్కడే చదువుతోంది. ఒకసారి తీసుకెళ్ళి ల్యాబు కూడా చూపించింది. కృపకి వచ్చిన ర్యాంకుకి అక్కడ సీటు రావచ్చని చెప్పింది. కాకపోతే ఆ కాలేజీని మొదట పెట్టాలి. పైన పెట్టినదాంట్లో సీటు వచ్చిందంటే కిందవాటిని ఇక చూడరు.

"బందరు మొదట పెట్టండి మావయ్యా," అంది. ఆ నాలుగు మాటలు అనడానికే ఆమెకి చెమటలు పట్టాయి.

"పెడదాం తల్లీ. కానీ అక్కడున్నది వట్టి కంప్యూటర్ సైన్స్. మా దగ్గర దానికి ఏఐ తోక కూడా ఉంది."

"తోకున్నవన్నీ గుర్రాలేంటి తమ్ముడూ?" అంది దయామణి మజ్జిగ అందిస్తూ.

అతను నవ్వాడు గానీ ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. జకరయ్య ఫోన్‌కి వచ్చిన ఓటీపీ అంకెలు చదివి చెప్తే తన ఫోన్‌లో కొట్టి, కాలేజీలు ఒక్కొక్కటే పెట్టాడు. "చూసుకో, పైన బందరే," అని కృపకి చూపించాడు కూడా. నిజంగానే బందరే పైన ఉంది. ఇంత తేలిగ్గా ఒప్పుకున్నాడేమిటి అనుకుంది కృప.

అంతలో అతనికి ఫోన్ వచ్చింది. మాట్లాడుతూ కాలవ గట్టు వైపు నడిచాడు. పెరట్లో గ్లాసులు కడుగుతున్న కృపకి గాలివాటున ఒక ముక్క వినబడింది. "ఆరోది కూడా అయిపోద్ది సార్. సాయంత్రం లోపు."

తిరిగొచ్చి, "మీ అత్తయ్య," అన్నాడు.

అత్తయ్యని ఎవరైనా సార్ అంటారా?

"సేవ్ చేసేముందు ప్రార్థన చేసుకుందాం. నువ్వు చెయ్యి బావా," అన్నాడు.

కొత్త టైరు వేయించినా ప్రార్థన చెయ్యకుండా ఆటో కదిలించని మనిషి జకరయ్య. చాప మీద మోకరించి మొదలుపెట్టాడు. ఆయన ప్రార్థన అంత తొందరగా తెమలదు. సృష్టి దగ్గర మొదలై, చుట్టాల పేర్లన్నీ చుట్టి, ఊళ్ళో జబ్బుపడ్డవాళ్ళందరినీ పలకరించి గానీ అసలు సంగతికి రాదు. ప్రార్థనలో కళ్ళు తెరవకూడదని కృపకి పసితనం నుంచే నేర్పారు. ఎప్పుడూ తెరవలేదు.

ఇవాళ తెరిచింది.

మావయ్య తల వంచే ఉంది. కళ్ళు మాత్రం తెరిచే ఉన్నాయి. ఒళ్ళో ఉన్న ఫోన్ మీద బొటనవేలు టకటకా కదులుతోంది. కృప గబుక్కున కళ్ళు మూసుకుంది.

"ఆమేన్. సేవ్ అయిపోయింది బావా. ఇక బయల్దేరతా," అని అతను లేచాడు.

చెప్తే తానూ కళ్ళు తెరిచినట్టు బయటపడుతుంది కదా. నాన్న ఏమంటాడు? చెప్పకపోతే బందరు పోతుంది. మావయ్య చెప్పులేసుకుంటున్నాడు.

"ఒక్కసారి చూపించండి మావయ్యా."

"ఇందాక చూశావు కదే," అన్నాడు జకరయ్య.

"ప్రార్థనలో ఆయన ఫోన్ నొక్కారు నాన్నా."

"నీకెట్టా తెలుసు?"

"నేను కళ్ళు తెరిచాను."

జకరయ్య కూతుర్నీ బామ్మర్దినీ మార్చి మార్చి చూశాడు. ముందు ఎవరి మీద కోప్పడాలో ఆయనకి తేలలేదు. "దేవుడి ముందు కళ్ళు తెరుస్తావా?" అన్నాడు చివరికి.

"ముందు ఫోన్ చూపించమనండి," అంది దయామణి. "దీని పాపం సంగతి ఆదివారం చూసుకోవచ్చు."

ఫోన్ చేతులు మారింది. పైన గుడివాడ కాలేజీ ఉంది. బందరు అన్నిటికన్నా అడుగున ఉంది.

శామ్యూల్ రాజ్ చెప్పులతోనే అరుగు మీద కూలబడ్డాడు. "ఆరుగుర్ని చేర్పిస్తేనే ఈ ఏడాది పాఠాలు చెప్పనిస్తామన్నారు బావా. లేకపోతే రావద్దన్నారు."

 జకరయ్య ఫోన్ కూతురి చేతిలో పెట్టాడు. కృప అక్కడే నేల మీద కూర్చుని బందరుని పైకి తెచ్చింది. రెండోది ఏది పెట్టాలో తెలియక వేలు ఆగింది.

"మా కాలేజీ పెట్టకు తల్లీ," అన్నాడు అతను తనంతట తనే. "ల్యాబులో సగం కంప్యూటర్లు ఆన్ కావు."

కృప అతని మొహంలోకి చూసింది. ఇది నిజమా, లేక మంచివాడు అనిపించుకోవడానికి అంటున్నాడా? ఎంత చూసినా తేలలేదు.

"మన షారోన్‌ని ఎక్కడ చేర్పించారు మావయ్యా?"

సొంత కూతురి పేరు వినేసరికి అతను కాలవ వైపు చూశాడు. 

"విజయవాడలో."

"ఏ కాలేజీ?"

చెప్పాడు. కృప దాన్ని రెండోదిగా పెట్టింది. గుడివాడ కాలేజీని తీసేసింది. సేవ్ నొక్కి, నాన్న ఫోన్‌కి మెసేజ్ వచ్చేదాకా చూసి, మావయ్య ఫోన్‌లోంచి లాగౌట్ అయి అప్పుడు అతనికి ఇచ్చింది.

బండి మలుపు తిరిగి వెళ్ళిపోయింది. ఆప్షన్లు మళ్ళీ తెరవాలంటే అంకెలు వచ్చేది జకరయ్య ఫోన్‌కే. సాయంత్రం మూసేసేదాకా అది కృప చేతిలోనే ఉంది. ఆటో కిరాయి కోసం ఎవరో చేస్తే, ఫోన్ ఆయన చెవి దగ్గర తనే పట్టుకుని మాట్లాడించింది.