పైన దేవుళ్లు, కింద ఊళ్లు

మా పాల డెయిరీ యజమాని ముద్దుకృష్ణ గారికి ఏ కాగితమైనా పైన దేవుడి పేరు లేకుండా మొదలైతే మనసొప్పదు. కాగితాలతో ఆగి ఉంటే నా ప్రాణం హాయిగా ఉండేది. వెబ్‌సైట్‌లో ప్రతి పేజీకీ నెత్తిన దేవుడి పేరు ఉండాల్సిందేనని పట్టుబట్టారు.

మదనపల్లె ఆఫీసులో ఉన్న పెర్ల్ అనే కంప్యూటర్ భాషలో రాసిన ఆ పాత సర్వర్‌ను చూసుకునే దిక్కుమాలిన పని నాది. పశువుల డాక్టరు వ్యాన్ ఆ రోజు ఏయే ఊళ్లకు వెళ్లాలో అందులో ఒక పేజీ చెబుతుంది. ఊళ్ల పేర్లు వేరే ఫైల్లో ఉంటాయి. ఎవరైనా పేజీ తెరిస్తే సర్వర్ వాటిని తెచ్చి అందులో అతికిస్తుంది. ఆ తర్వాత ఫిల్టర్ అనే చిన్న ప్రోగ్రాం పేజీ పైన దేవుళ్ల పేర్లు చేరుస్తుంది.

సోమవారం పొద్దున, పేజీలోని ఊళ్లలో అన్నిటికంటే కింద ఉండే కుప్పం వైపు ఊరు మాయమైంది. ఆ ఊళ్లో మాకు పాలు పోసే గంగులప్ప ఆవు ఈనలేక అవస్థ పడుతోంది.

"అమ్మా మమతమ్మా, వ్యాన్ ఇంకా రాలేదే. ఆవు పండుకోనుండాది, లెయ్యలేకుండాది," అని ఫోన్ చేశాడు.

డ్రైవర్ నాగరాజును అడిగాను. "పేజీలో లేని ఊరికి సార్ డీజిల్ ఇయ్యడు కదక్కా, నేనేం చేసేది?" అన్నాడు.

ముద్దుకృష్ణ గారి దగ్గరికి పరుగెత్తాను. "పద్ధతి పద్ధతే తల్లీ. నువ్వు పేజీ సరిచెయ్, వ్యాన్ పోతాది. ఈడ యాల నిలబడుకోనుండావు?" అన్నారు. ఒళ్లు మండిపోయింది.

ఫైల్ తెరిచాను. ఊరు ఉంది. అతికించడంలో లోపమనుకుని ఆ భాగమంతా తిరగేశాను. సవ్యంగానే ఉంది. సర్వర్ ఆపి మళ్లీ మొదలుపెట్టాను. ఊరు రాలేదు. గంగులప్ప మళ్లీ ఫోన్ చేశాడు. "చూస్తాండానప్పా" అన్నాను. అలా అన్నందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

చివరికి విసిగి ఫిల్టర్ ఆపేశాను. ఊరు ప్రత్యక్షమైంది! మళ్లీ పెట్టగానే పోయింది. అప్పుడు గాని బుర్రకెక్కలేదు. ఊళ్లు అతికించగానే సర్వర్ పేజీ పొడవు కొలిచి, చూసేవాళ్ల ఫోన్‌కు చెప్పేస్తోంది. ఫిల్టర్ ఆ తర్వాత వచ్చి పేర్లు చేరుస్తోంది. ఫోన్ తనకు చెప్పిన పొడవు వరకే తీసుకుని మిగిలింది వదిలేస్తోంది. పైన ఎంత పెరిగితే కింద అంత కోత. ఇన్నాళ్లూ అడుగున ఉన్న ఆఫీసు చిరునామా తెగిపోతుంటే ఎవరూ గమనించలేదు. నిన్న సార్ తమ ఇంటి దేవతను కూడా చేర్పించారు, ఇవాళ ఊరు పోయింది.

ఫిల్టర్ పని ముగిశాకే పొడవు కొలిచేలా మార్చాను. వ్యాన్ మధ్యాహ్నానికి బయలుదేరింది.

సాయంత్రం సార్ నా బల్ల దగ్గరికి వచ్చారు. "సూసినావా, మా అమ్మవారి పేరు పెట్టినాక ఊరు దానికదే తిరిగొచ్చిండాది."

అంతలో గంగులప్ప ఫోన్. స్పీకర్ పెట్టాను.

"ఆవు బతికిందమ్మా. దూడ దక్కలేదు. పెయ్యదూడ." మళ్లీ తనే అన్నాడు, "ఒక మాట తల్లీ. మీ పేజీ ఫోన్లో నేనూ సూసినా. మా ఊరి పేరు పైన పెట్టు. దేవుడు కిందుండినా ఏమీ అనుకోడు."

సార్ కుర్చీ లాక్కుని కూర్చున్నారు. నేను ఆయన్ని అడక్కుండానే దేవుళ్లందరినీ పేజీ అడుక్కి దించాను.