బావ తాళం

మా బావ తాళం ఇంకా స్విచ్చికి వేలాడుతూనే ఉంది. దాన్ని కోసెయ్యమంటాడు మేనేజరు. కోస్తే చేతులు విరగ్గొడతానన్నాను నేను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ప్లాంటులో అందరికీ తెలుసు. అందుకే వెల్డరు కటింగ్ మిషను పట్టుకుని బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు.

మాది శీతల గిడ్డంగి. గదుల్లోని వేడిని మోసుకొచ్చిన నీళ్లు ఆవరణలోని రెండు టవర్లలో చల్లబడతాయి. ఒక్కోదాని మీద మనిషి కంటే పెద్ద ఫ్యాను. ఎండలు ముదిరేలోపు ఒకదాని తర్వాత ఒకటి ఆపి, లోపలికి దిగి, పాచీ బురదా గోకి తీయాలి. దిగే మనిషి ఫ్యాను స్విచ్చికి తన సొంత తాళం వేసి, తాళంచెవి మెళ్లో వేసుకుని దిగుతాడు. వేసినవాడే తియ్యాలి, ఇంకొకడు ముట్టుకోకూడదు. మారు తాళంచెవి ఉండదు. ఆ పద్ధతి వల్లే మేమంతా కాళ్లూ చేతులతో ఇళ్లకు వెళ్తున్నాం.

బావకు అదీ చాలదు. పని ముగించి తాళం తీశాక కూడా టవరు తలుపులోంచి తల దూర్చి, "లోపలెవరన్నా ఉన్నారా?" అని అరిచేవాడు. కాసేపు ఆగేవాడు. ఆ తర్వాతే స్విచ్చి.

"దిగింది నువ్వొక్కడివే, ఎక్కింది నువ్వొక్కడివే. ఇంకెవరుంటారు బావా, నీ దెయ్యమా?" అనేవాణ్ని.

"దెయ్యమైతే మాత్రం? దానికీ ఓ మాట చెప్పాలి కదరా" అనేవాడు.

పోయిన వారం ఆ టవర్లోనే పోయాడు. యంత్రాలు ఏమీ చెయ్యలేదు. గోకుతూ గోకుతూ బురదలో కూర్చుండిపోయాడు, గుండె ఆగింది. పొద్దున ఛాతీ పట్టేసినట్టుందని అక్కతో అన్నాడట. గ్యాసేలే అనుకుని వచ్చేశాడట. పోయినవాడి మీద కోపం పెట్టుకోకూడదంటారు గానీ, నాకు ఇప్పటికీ ఒళ్లు మండిపోతోంది.

తాళంచెవి అతని మెళ్లోనే ఇంటికి వెళ్లింది. అక్క దాన్ని తీసి తన మెళ్లో వేసుకుంది. అడుగుదామని వెళ్తే, "తాళం ఉన్నంతసేపూ మనిషి లోపలున్నట్టేనని ఆయనే అనేవారు. ఉండనీరా" అంది.

ఈలోగా ఎండలు దంచేస్తున్నాయి. ఒక్క టవరుతో గదులు చల్లబడటం లేదు.

"సరుకు కుళ్లిపోతోందయ్యా! ఆ తాళాన్ని నెత్తిన పెట్టుకుని ఊరేగమంటావా?" అన్నాడు మేనేజరు. ఆయన మాటలో తప్పు లేదు. అదే నాకు మరీ మంట.

ఈ పొద్దున మళ్లీ వెళ్లి అక్కకు ఉన్నమాట చెప్పేశాను. "ఇవాళ కోసేస్తారక్కా. బావ తాళం మీద ఇంకొకడి చెయ్యి పడుతుంది." అక్క మెళ్లోని తాళంచెవిని గుప్పిట్లో బిగించి పట్టుకుంది. నేను తిరిగొచ్చేశాను.

చివరికి వెల్డరు, "నన్ను తిట్టుకోకన్నా" అంటూ మిషను ఎత్తాడు. అప్పుడే గేటు దగ్గర అక్క కనబడింది. జుట్టు కూడా దువ్వుకోలేదు. మేనేజరు పక్కకు తప్పుకున్నాడు.

మెళ్లోంచి తాళంచెవి తీసింది. తాళం బిగుసుకుపోయింది. సాయం పట్టబోయాను.

"నువ్వు ముట్టుకోకు" అంది.

రెండు చేతులతో తిప్పి తిప్పి తనే తీసింది. నేను స్విచ్చి మీద చెయ్యి వేశాను.

"ఆగు."

టవరు తలుపు దగ్గరికి వెళ్లి తల లోపలికి పెట్టింది.

"ఏవండీ... లోపలున్నారా?"

అక్క గొంతు టవర్లో గిర్రున తిరిగి ఆగిపోయింది. ఎక్కడో నీటిబొట్టు పడుతోంది. లోపలెవరూ లేరని నాకు తెలుసు. అయినా చెవులు రిక్కించి విన్నాను. వెల్డరూ విన్నాడు. మేనేజరు గడియారం చూసుకోలేదు. బావ ఏనాడూ అంతసేపు ఆగలేదు.

అక్క తల బయటికి తీసింది.

"పలకట్లేదురా" అంది. "వేసెయ్."

వేశాను. ఫ్యాను తిరగడం మొదలయ్యాకే అక్క ఏడ్చింది.